మెకానిక్ ముందు ఆగని బండి

పాత కారు ఉన్నవాళ్ళకి బాగా తెలిసిన అవమానం ఒకటుంది. బండి రోడ్డు మీద ఆగిపోతుంది. సిగ్నల్ పడే వేళకో, ఫ్లైఓవర్ సగం ఎక్కాకో, వెనకాల బస్సు హారన్ మోగిస్తుండగానో ఆగుతుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అందుకోదు. పావుగంట పోయాక, ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే బుద్ధిగా నడుస్తుంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూస్తాడు, యాక్సిలరేటర్ తొక్కి చూస్తాడు, పక్క వీధి దాకా తిప్పుకొస్తాడు. తాళం చేతిలో పెట్టి, "ఏం లేదండీ, బండి బంగారంలా ఉంది" అంటాడు. డాక్టరు గుమ్మం తొక్కగానే పంటినొప్పి మాయమైనవాడిలా మనం నిలబడతాం. చెప్పింది నిజమే అయినా, అబద్ధమాడి దొరికిపోయినట్టుంటుంది.

ఈ వ్యాసం ఆ "ఏం లేదండీ" గురించి. చూసినప్పుడు కనిపించని లోపం ఉన్నట్టా, లేనట్టా? అనుభవించినవాడి మాట ఒకవైపు, పరీక్షించినవాడి కన్ను ఇంకోవైపు ఉంటే దేన్ని నమ్మాలి? నమ్మి వెతికితే అయ్యే ఖర్చు ఎవరిది, నమ్మకపోతే జరిగే నష్టం ఎవరిది? కారు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఈ ప్రశ్న కారు దగ్గర ఆగేది కాదు.

ముందు బండి సంగతి చూద్దాం.

పెట్రోలు ఇంజను నడుస్తూ ఉండాలంటే మూడు కావాలి: గాలి, పెట్రోలు, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. ఇరవై ఏళ్ళ నాటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కారులో వీటిలో రెండు కరెంటు మీదే ఆధారపడతాయి. టాంకులో ఉన్న పంపుకి రిలే ద్వారా కరెంటు అందాలి. రవ్వ కోసం ఇగ్నిషన్ కాయిల్‌కి అందాలి. క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడ తిరుగుతోందో చెప్పే సెన్సర్ నుంచి కబురు రాకపోతే రవ్వ ఎప్పుడు వెయ్యాలో కంప్యూటర్‌కి తెలీదు, ఊరుకుంటుంది. ఈ దారుల్లో ఏదో ఒక చోట కాస్త తెగినా ఇంజను ఆగుతుంది.

తెగడానికి వయసే చాలు. రిలే లోపల టంకం వేసిన చోట వెంట్రుకంత పగులు వస్తుంది. ఎండలో నిలబెట్టిన బండిలో అది వేడికి విచ్చుకుంటుంది, చల్లబడ్డాక మళ్ళీ తాకుతుంది. క్రాంక్ సెన్సర్ లోపలి తీగచుట్ట వేడెక్కినప్పుడు తెగి, చల్లారాక కలుస్తుంది. ఇంజన్నీ, బాడీనీ, బ్యాటరీనీ కలిపే ఎర్త్ వైరు చివర పచ్చచిలుము పడుతుంది. ఇగ్నిషన్ స్విచ్‌లో కాంటాక్టులు అరిగి, తాళాలగుత్తి ఊగినప్పుడల్లా వదులుతాయి. కనెక్టర్‌లోకి వాన నీళ్ళు దిగుతాయి. ఎలకలు వైర్లు కొరుకుతాయి. వీటన్నిటికీ కలిపి మన షెడ్లలో ఒకటే పేరు: 'లూజ్ కాంటాక్ట్'. ఒకే పేరు పెట్టడంలో తెలివి లేకపోలేదు, ఎందుకంటే వీటి గుణం కూడా ఒకటే. వేడి, కుదుపు, తడి, బరువు, ఈ నాలుగింటిలో తనకి కావలసింది దొరికితే తప్ప బయటపడవు. షెడ్డులో నీడపట్టున చల్లగా నిలబడ్డ బండికి ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది మల్టీమీటర్ చెప్పే అబద్ధం. చాలా పోగులున్న రాగి వైరులో ఒక్క పోగు తప్ప అన్నీ తెగిపోయాయనుకోండి. చివర మీటరు పెట్టి చూస్తే పన్నెండు వోల్టులూ నిక్షేపంగా చూపిస్తుంది. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. ఆ కాస్తకి ఒక్క పోగు చాలు. అదే వైరు మీద హెడ్‌లైటునో పంపునో పని చెయ్యమంటే వోల్టేజి కూలిపోతుంది. అందుకే పని తెలిసిన ఎలక్ట్రీషియన్ ఖాళీగా ఉన్న వైరుని కొలిచి ఊరుకోడు. ఇంజను నడుస్తుండగా లైట్లు, ఫ్యాను, వైపర్లు అన్నీ వేసి, వైరు ఈ చివరికీ ఆ చివరికీ మధ్య ఎంత వోల్టేజి పోతోందో చూస్తాడు. బాగున్న ఎర్త్ మీద అది 0.2 వోల్టు దాటకూడదంటారు. ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14కి అటూ ఇటూ ఉండాలన్నది అందరూ చూసే లెక్క. ఆ రెండూ సరిగ్గా ఉన్న బండి కూడా ఆగిపోగలదు. మొయ్యవలసిన బరువు మోస్తున్నప్పుడు చూడకపోతే, చూసినట్టు కాదు.

ఈ మాటనే మన తార్కికులు మరో సందర్భంలో చాలా పకడ్బందీగా చెప్పారు.

నేల మీద కుండ లేదు అని నాకెలా తెలుస్తుంది? కుండ కనిపించలేదు కాబట్టి. ఏడో శతాబ్దం నాటి కుమారిల భట్టు ఈ కనిపించకపోవడాన్నే, అంటే అనుపలబ్ధినే, ఒక ప్రత్యేక ప్రమాణంగా లెక్కపెట్టాడు. అద్వైతులూ ఒప్పుకున్నారు. నైయాయికులు మాత్రం అది వేరే ప్రమాణమేం కాదు, ప్రత్యక్షంలోనే ఇమిడిపోతుందన్నారు. వాళ్ళ తగువు అలా ఉంచితే, ఒక షరతు దగ్గర అందరూ కలుస్తారు. ఊరికే కనిపించకపోతే చాలదు. ఉండి ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కుండ కనిపించలేదు కాబట్టి కుండ లేదంటే కుదరదు. వెలుతురుండి, కళ్ళు బాగుండి, నేలంతా చూసి, అప్పుడూ కనిపించకపోతే లేదనొచ్చు. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు.

"ఏం లేదండీ" అన్న మెకానిక్ 'కనిపించలేదు' నుంచి 'లేదు'కి ఒక్క గెంతు గెంతాడు. మధ్యలో యోగ్యత అనే మెట్టు మీద కాలు పెట్టలేదు. మధ్యాహ్నం రెండింటికి, మండుటెండలో, గంటసేపు ట్రాఫిక్‌లో పాకాక ఆగే బండిని ఉదయం పదింటికి చల్లటి ఇంజనుతో పక్క వీధి దాకా తిప్పడమంటే చీకట్లో కుండని వెతకడమే. ఆయన అబద్ధమాడలేదు. ఆయన చూసినంత మేరకి నిజంగానే ఏమీ లేదు. 'నేను చూసినంత మేరకి' అన్న మూడు ముక్కలు మింగేశాడంతే. ఆ మూడు ముక్కలూ లేకుండా ఆ మాటని పట్టుకుని మనం పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కుతాం.

మరి "ఆగిందండీ" అని చెప్పేవాడి మాటకి విలువ ఎంత? ఆప్తవాక్యం న్యాయశాస్త్రంలో నాలుగు ప్రమాణాల్లో ఒకటి. అన్నంభట్టు తర్కసంగ్రహం ఆప్తుడికి పెట్టిన అర్హత చిన్నదే: ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడై ఉండాలి. అంతకు చాలా ముందు వాత్స్యాయనుడి న్యాయభాష్యం ఇంకో అడుగు వేసి, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమే అంటుంది. అంటే సాక్షి కావడానికి శాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. ఇంజను గురించి ఓనమాలు తెలియనివాడు కూడా తన బండి ఆగిందన్న విషయంలో ఆప్తుడే.

చిక్కల్లా మనం ఉన్నది ఉన్నట్టు చెప్పకపోవడంలో ఉంది. "పంపు పోయినట్టుందండీ" అంటాం. "మొన్న ఆ బంకులో పెట్రోలు పోయించిన దగ్గర్నుంచీ ఇంతే" అంటాం. అది అనుమానం, సాక్ష్యం వేషంలో వచ్చిన అనుమానం. మెకానిక్‌కి కావలసింది వేరే. ఆగేముందు కుదిపి కుదిపి ఆగిందా, దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆగిందా? డాష్‌బోర్డు లైట్లు వెలుగుతూనే ఉన్నాయా, అవి కూడా పోయాయా? తాళం తిప్పగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుర్రుమన్నదా? సెల్ఫ్ తిరిగిందా? ఎన్ని నిమిషాలకి మళ్ళీ అందుకుంది? లైట్లతో సహా అంతా పోతే బ్యాటరీ, ఎర్త్, ఇగ్నిషన్ స్విచ్ వైపు వెతకాలి. లైట్లుండి, సెల్ఫ్ తిరుగుతూ, ఇంజను మాత్రం అందుకోకపోతే పంపు, రిలే, సెన్సర్ వైపు. ఆగిన చోట రాసుకున్న నాలుగు వాక్యాలు షెడ్డులో కొన్ని గంటలు మిగులుస్తాయి. నమ్మమని అడిగేవాడి ధర్మం కూడా ఒకటుంది మరి. నమ్మడానికి వీలుగా చెప్పడం.

ఒక్క బండి, ఒక్క షెడ్డు అయితే దీన్ని ఇంత పెద్దది చెయ్యక్కర్లేదు. లక్షల బండ్ల విషయంలో ఇదే కథ నడిచింది. 1980ల నుంచి 1990ల మధ్య దాకా ఫోర్డ్ అమెరికాలో అమ్మిన చాలా కార్లలో, రవ్వని నియంత్రించే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌ని నేరుగా డిస్ట్రిబ్యూటర్ మీద బిగించారు. ఇంజను వేడి సూటిగా తగిలే చోటది. మాడ్యూల్ మరీ వేడెక్కితే రవ్వ ఆగేది, ఇంజను ఆగేది. చల్లబడ్డాక మామూలే. మెకానిక్ దగ్గరికి చేరేసరికి ఆ బండి చల్లగా ఉండేది. కాలిఫోర్నియాలో యజమానులు కలిసి వేసిన దావాలో, 2000లో, అలమీడా కౌంటీ జడ్జి మైకేల్ బలాచీ, ఈ లోపం కంపెనీకి తెలుసనీ, ఆ సంగతి ప్రభుత్వ భద్రతా సంస్థ నుంచి దాచిందనీ తేల్చాడు. కంపెనీ ఆ తీర్పుతో ఏకీభవించలేదు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది.

దీనికంటే ఘోరమైనది జనరల్ మోటార్స్ కథ. 2014లో ఆ కంపెనీ షెవర్లే కొబాల్ట్, సాటర్న్ అయాన్ వంటి చిన్నకార్లు సుమారు 26 లక్షలు వెనక్కి పిలిచింది. ఇగ్నిషన్ స్విచ్‌లో తాళాన్ని పట్టి ఉంచవలసిన చిన్న స్ప్రింగు ముక్కకి బలం చాలలేదు. బరువైన తాళాలగుత్తి ఊగినా, మోకాలు తగిలినా, తాళం 'రన్' నుంచి 'యాక్సెసరీ'కి జారిపోయేది. ఇంజను ఆగేది. దాంతోపాటు పవర్ స్టీరింగూ పోయేది. అప్పుడు దేన్నైనా గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. తర్వాత పెట్టిన నష్టపరిహార నిధి 124 మరణాలకి ఈ స్విచ్‌తో సంబంధం ఉందని ఒప్పుకుని పరిహారం ఇచ్చింది.

కంపెనీయే నియమించిన లాయరు ఆంటన్ వలూకస్ 2014లో ఇచ్చిన నివేదికలో రెండు సంగతులు నన్ను వదలవు. మొదటిది, నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగుతోందన్న ఫిర్యాదులు కొత్తలోనే వచ్చాయి. కంపెనీ మనుషులకి కూడా అది అనుభవమైంది. అయినా దాన్ని భద్రతకి సంబంధించిన సమస్యగా లెక్కపెట్టలేదు. కస్టమర్ సౌకర్యానికి సంబంధించిన సమస్య అని రాసుకున్నారు. ఇంజను ఆగినా బండిని పక్కకి తీసి ఆపుకోవచ్చు కదా అన్నది వాళ్ళ వాదన. ఒకసారి 'అసౌకర్యం' అన్న డబ్బాలో పడ్డాక ఆ ఫిర్యాదు ఖర్చు లెక్కల దారిన పోయింది. ప్రాణం సంగతి అయితే ఎంత ఖర్చైనా చూడాలి, సౌకర్యం సంగతి అయితే గిట్టుబాటు చూసుకోవచ్చు. నిజంగా ఏం జరుగుతోందో ఎవరూ వెతకకముందే, దానికి పెట్టిన పేరు ఎంత వెతకాలో నిర్ణయించేసింది.

రెండోది, 2006లో స్విచ్ లోపలి ముక్కని బలమైనదానితో మార్చారు గానీ పార్టు నంబరు మార్చలేదు. ఒకటి పాడై ఒకటి బాగుంటే ఆ రెండింటి మధ్య తేడా ఏమిటో చూడు, కారణం అక్కడే ఉంటుందని జాన్ స్టువర్ట్ మిల్ 1843లో తర్కం మీద రాసిన పుస్తకంలో ఒక పద్ధతిగా చెప్పాడు. మనవాళ్ళ అన్వయ వ్యతిరేకాలు కూడా ఈ దారిలోవే. పాత మోడల్ కార్లలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవడం లేదు, కొత్తవాటిలో ఆ గొడవ లేదు అని చూసిన ఇంజనీర్లకి, స్విచ్ మాత్రం రెండింటిలో ఒకటేనని కాగితం చెబుతోంది. వెతకవలసిన తేడా మీద కాగితమే దుప్పటి కప్పింది. చనిపోయిన ఒకామె కుటుంబం తరఫు లాయరు పెట్టుకున్న బయటి ఇంజనీరు రెండు స్విచ్‌లు విప్పి పక్కపక్కన పెట్టేదాకా, అంటే 2013 దాకా, ఆ దుప్పటి తొలగలేదు.

ఈ కథలు చదివాక తప్పంతా కంపెనీల మీదా మెకానిక్‌ల మీదా వేసేస్తే మనకి హాయిగా ఉంటుంది. మన వైపు ఖాతా కూడా ఒకసారి తెరవాలి.

విజయవాడ ఆటోనగర్‌లో వయసు మళ్ళిన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ నా పాత బండితో పూటంతా కూర్చున్నాడు. ఎండలోకి నెట్టించి, లైట్లన్నీ వేసి, గంటసేపు ఇంజను నడుపుతూనే ఉంచాడు. తర్వాత ఒక చెక్కపుల్లతో వైర్లని ఒక్కొక్కటే కదుపుతూ వచ్చాడు. బ్యాటరీ పళ్ళెం కిందుగా పోయే ఎర్త్ వైరు మీద పుల్ల పడగానే ఇంజను ఠక్కున ఆగింది. వదిలి స్టార్ట్ చేశాడు. మళ్ళీ కదిపాడు, మళ్ళీ ఆగింది. నా వైపు తిరిగి, "చూశారా సార్, ఇప్పుడు పిలిస్తే పలుకుతోంది" అన్నాడు. చిలుము గీకి, చివర కోసి, కొత్త లగ్గు వేసి బిగించాడు. సామాను ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు.

బిల్లు దగ్గర ఆయన కాసేపు ఆగాడు. "పార్టు మారిస్తే అడగడం సులువు సార్. మూడు వేల కాయిల్ వేశానంటే మూడు వేలిస్తారు. పైన కూలీ ఇంత అంటే మారు మాట్లాడరు. పొద్దుట్నుంచీ వైర్లు కదుపుతా కూర్చున్నా వెయ్యి ఇవ్వండంటే, వైరు బిగించినందుకు వెయ్యా అంటారు."

"నేననను భాయ్, చెప్పండి" అన్నాను.

"మీరనరు సార్. మీ ముందొచ్చినాయన అన్నాడు."

మన నీతి సమస్య నిజానికి ఈ నాలుగు మాటల్లో ఉంది. మార్చినందుకు డబ్బిస్తాం, వెతికినందుకు ఇవ్వం. చేతికి తగిలే వస్తువు మీద పెట్టిన ఖర్చు మనకి ఖర్చులా కనిపిస్తుంది. తెలుసుకోవడానికి పట్టిన కాలం కనిపించదు. ఈ పద్ధతిలో, నిజం తెలుసుకుని వంద రూపాయల పని చేసినవాడు నష్టపోతాడు. ఊహించి కాయిల్, పంపు, ప్లగ్గులు వరసగా మార్చినవాడు బతికిపోతాడు. అతను మోసగాడై ఉండనక్కర్లేదు. మనం పెట్టిన ధరల పట్టిక అతన్ని ఊహల వైపు నెడుతుంది, ఆ ఊహలకి డబ్బు కట్టేదీ మనమే. తర్వాత "ఈ మెకానిక్‌లంతా దొంగలండీ" అనేదీ మనమే.

పైగా ఊహించి మార్చిన పార్టు పనిచేసిందో లేదో కూడా తెలీదు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఒక బండి ఏ వరసా లేకుండా, సగటున పది రోజులకోసారి ఆగుతోందనుకుందాం. కాయిల్ మార్చారు. మూడు రోజులు ఆగలేదు. నయమైందా? అసలేమీ చెయ్యకపోయినా ఆ మూడు రోజులు ఆగకుండా ఉండే అవకాశం నూటికి 74. పది రోజులు ఆగకుండా ఉండే అవకాశం 37. నెల రోజులు గడిస్తే అది 5కి దిగుతుంది, అప్పుడు కాస్త నమ్మవచ్చు. అంటే ప్రతి ఊహనీ పరీక్షించడానికి నెల కావాలి, ఆ నెలంతా పరీక్ష జరిగేది నడిరోడ్డు మీద, మన ప్రాణాలతో. తెచ్చిపెట్టుకుని పోగొట్టిన లోపానికి ఈ బాధ లేదు. కదిపితే ఆగుతోంది, వదిలితే నడుస్తోంది, బాగుచేశాక ఎంత కదిపినా ఆగడం లేదు. ఆ ముసలాయన పుల్ల చేసిన పని అదే. లోపాన్ని పోగొట్టేముందు దాన్ని పిలిచి రప్పించగలగాలి. దానంతటది పోయింది, దానంతటదే రాగలదు.

మెకానిక్ పక్షాన కూడా వాదన ఉంది, అది చిన్నది కాదు. ప్రతి కస్టమర్ మాటా నమ్మి పూటలు పూటలు కూర్చుంటే షెడ్డు అద్దె ఎవరు కడతారు? ఇరవై ఏళ్ళ బండి అమ్మితే వచ్చేదెంత, దాని మీద ఎన్ని గంటలు పెట్టవచ్చు? కొందరు చెప్పేది నిజంగానే భ్రమ. కొత్త చప్పుడల్లా రోగమనుకునేవాళ్ళుంటారు. ఎంత వెతికినా దొరకని లోపాలూ ఉంటాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అందుకే, ప్రతి లోపాన్నీ కనిపెట్టి తీరాలన్నది ఎవరి మీదా పెట్టదగ్గ బాధ్యత అనుకోను. పెట్టదగ్గది అంతకంటే చిన్నది, చవకైనది: ఎక్కడి దాకా చూశావో అక్కడి దాకానే చెప్పు. "చల్లటి ఇంజనుతో రెండు కిలోమీటర్లు తిప్పాను, ఆగలేదు. వేడిలో చూడలేదు" అనడానికి ఖర్చేమీ లేదు. ఆ మాట విన్నవాడు హైవే ఎక్కాలో వద్దో తనే ఆలోచించుకుంటాడు. "ఏం లేదు" అని విన్నవాడికి ఆలోచించుకునే అవకాశమే పోయింది.

నిపుణుడు "ఏం లేదు" అన్నాక జరిగే ఇంకో నష్టం కూడా ఉంది. సాక్షి తన మాట మీద తనే నమ్మకం పోగొట్టుకుంటాడు. నేనే సరిగ్గా గేరు వెయ్యలేదేమో అనుకుంటాడు. రెండోసారి ఆగినప్పుడు షెడ్డుకి వెళ్ళడానికి సిగ్గుపడతాడు. మూడోసారి ఆగినప్పుడు ఎవరికీ చెప్పడు.

ఆసుపత్రిలో ఈ మాటకి రూపం "రిపోర్టులన్నీ నార్మల్." గుండె అప్పుడప్పుడూ తడబడుతోందన్న మనిషికి పది సెకన్ల ఈసీజీ తీసి బాగుందంటే, అది కూడా చల్లటి ఇంజనుని చూసినట్టే. వైద్యం ఈ సంగతి గ్రహించింది కాబట్టే నార్మన్ హోల్టర్ పేరు మీద ఒంటికి కట్టుకు తిరిగే పరికరం వచ్చింది. గుండెని గదికి రప్పించి చూసే బదులు, పరీక్షనే గుండెతో పాటు ఇంటికీ ఆఫీసుకీ మెట్ల మీదకీ పంపించారు. కార్లలోనూ ఇలాంటిది వచ్చింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లకి తప్పనిసరి చేసిన ఓబీడీ-2 పద్ధతిలో, లోపం నమోదైన క్షణాన ఇంజను వేడి, వేగం వంటి అంకెల్ని కంప్యూటర్ దాచిపెడుతుంది. రెండింటి వెనకా ఉన్న మర్యాద ఒకటే. నువ్వు చెప్పింది నా ముందు జరగలేదు కాబట్టి, జరిగే చోటికి నేనే వస్తాను అనడం.

ఈ మర్యాద బొత్తిగా లేని చోటు మన ఇళ్ళలో ఉంది. అత్తింటి నుంచి వచ్చేసిన అమ్మాయి, ఆయన కొడుతున్నాడు అంటుంది. హాల్లో పెద్దలు కూర్చుంటారు. అల్లుడు చేతులు కట్టుకుని, కళ్ళు దించుకుని నిలబడతాడు. "మా ముందు ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరగడమ్మా, బంగారంలాంటి పిల్లాడు" అని తీర్పు వస్తుంది. పదిమంది కూర్చున్న హాలు, పగటివేళ, కాఫీల మధ్య: అక్కడ కనిపించకపోవడానికి ఏం విలువ ఉంది? ఉండి ఉంటే కనిపించి తీరాల్సిన చోటేనా అది? ఎర్త్ వైరుకి మెకానిక్ చూస్తున్నాడన్న సంగతి తెలీదు. అది వేడినీ కుదుపునీ బట్టి దాక్కుంటుంది. మనిషికి తెలుసు. ఎవరి ముందు ఎలా ఉండాలో లెక్క వేసుకుని దాక్కుంటాడు. కాబట్టి యంత్రం విషయంలో ఎంత జాగ్రత్త కావాలో, ఇక్కడ అంతకు పదింతలు కావాలి. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. బండి ఆగిందన్న పెద్దమనిషిని కనీసం పక్క వీధి దాకా తీసుకెళ్ళి చూస్తాం, ఈ అమ్మాయిని ఆ హాల్లోనే తేల్చేసి తిరిగి పంపిస్తాం. 'సర్దుకుపోవాలి' అన్నది కూడా ఒక వర్గీకరణే. ప్రాణం సంగతిని సౌకర్యం డబ్బాలో వెయ్యడమే.

తొందరపడి అందర్నీ దోషుల్ని చెయ్యమని నా ఉద్దేశం కాదు. పరీక్ష అక్కర్లేదనీ కాదు. సాక్ష్యాన్ని నమ్మడమంటే తీర్పు చెప్పెయ్యడం కాదు. వెతకడానికి అదే చాలిన కారణమని ఒప్పుకోవడం, వెతకవలసిన చోట వెతకడం, దొరకకపోతే దొరకలేదనే చెప్పడం. అంతవరకూ ఆ అమ్మాయిని వెనక్కి పంపకుండా ఉండటం.

షెడ్లలో జాబ్ కార్డు అని ఒక కాగితం ఉంటుంది. కస్టమర్ చెప్పింది ఒక గడిలో రాస్తారు, చేసిన పని ఇంకో గడిలో. వాటి మధ్య మరో గడి కావాలి: ఏ పరిస్థితిలో చూశాం? ఇంజను వేడిగా ఉందా, ఎంతసేపు నడిపారు, లైట్లు వేశారా, వైర్లు కదిపారా, లోపం కళ్ళ ముందు వచ్చిందా? ఆ గడిలో నిజం రాసి, వెతికిన గంటలకి కూలీ వేస్తే, ఏ పార్టూ మార్చకపోయినా కట్టడానికి మనం సిద్ధంగా ఉండాలి. ఆసుపత్రి చీటీలో, ఇంట్లో జరిగే పంచాయితీలో ఆ గడి నింపమని అడగవలసింది కూడా మనమే.